మేకులు కొట్టిన చెర్రీ

ఆ మంగళవారం పొద్దున అర్విడ్ కినునెన్ దగ్గర ఉన్నవి అరవై ఒక్కేళ్ళ వయసు, బాకీ లేని పికప్ ట్రక్కు, ఒక మంచి మోకాలు, ఒక చెడ్డ మోకాలు, మిల్లులో ఇరవై ఆరేళ్ళుగా పోగైన వాటాలు. వచ్చే జూన్‌లో పని నుంచి దిగిపోతే ఆ వాటాలను మిల్లే కొనుక్కుని డబ్బు ఇస్తుంది. ఎంత వస్తుందో వెయ్యికి అటూ ఇటూగా నోటిలెక్కతో చెప్పగలడు. భార్య పోయింది. పిల్లలు లేరు. కాబట్టి లెక్క తేలిక.

మిల్లుకు చెట్లు కొనడం అతని పని. అడవిలో నిలబడి ఉన్న చెట్టు చుట్టూ టేపు తిప్పి, బెరడు మీద అరచేతితో తట్టి, లోపల ఎన్ని పలకలున్నాయో, కుళ్ళు ఎక్కడుందో చెబుతాడు. యజమాని అడిగినదాంట్లో ఐదోవంతు కోసి బేరం ముగిస్తాడు. అతను ఎవరినీ మోసం చెయ్యలేదు, ఎవరికీ ఒక్క డాలరు ఎక్కువా ఇవ్వలేదు. ఈ రెండు సంగతులూ జిల్లా అంతటికీ తెలుసు.

మధ్యాహ్నం రంపాలు ఆపారు. భోజనాల గదిలోకి అందరూ చేరారు, చొక్కాల మీద చెక్కపొట్టుతోనే. పెద్ద బల్ల మీద మాంసం, దుంపలు కూరిన పాస్టీలు, కాఫీ. ఈ నలభై ఒక్క మందీ కూలీలే, యజమానులూ వీళ్ళే. వాటాలన్నీ ఒక ట్రస్టు పేర ఉంటాయి. ఎవరికి ఎన్ని అన్న లెక్క మాత్రం ఊళ్ళో ఎవరూ చూడరు. గ్రీన్ బే పట్నంలో ఒక బయటి కంపెనీ చూస్తుంది. ఏటా అక్టోబరులో అక్కణ్ణించి రెనాటా అనే ఆమె కారేసుకుని వస్తుంది, ఎవరి కాగితం వాళ్ళకిచ్చి, అర్థమయ్యేట్టు చెప్పి వెళ్తుంది.

"రెనాటా గారూ, ఈ ఏడైనా నా పడవకి మోటారు వస్తుందా?" అన్నాడు లెరోయ్. పెద్ద రంపం నడిపేది అతనే. మిల్లులో గొంతు కూడా అతనిదే పెద్దది.

"వస్తుందండీ. కొత్తది కాదు, పాతది చూసుకోండి."

అందరూ నవ్వారు. వాటా ధర ఎనిమిది డాలర్లు పెరిగిందని చెప్పిందామె. తర్వాత, "ఇంకో మంచి మాట. మూడేళ్ళు నిండకుండా మానేసినవాళ్ళ వాటాలు వెనక్కొస్తాయి కదా, అవి ఈసారి కాస్త ఎక్కువున్నాయి. జీతాల ప్రకారం అందరికీ పంచాం. నాలుగో వరస చూసుకోండి," అంది.

లెరోయ్ చప్పట్లు మొదలుపెట్టాడు. గదంతా అందుకుంది. అర్విడ్ కూడా కొట్టాడు. అతని నాలుగో వరసలో తొమ్మిది వందల ఎనభై డాలర్లున్నాయి.

అతని చేతులు ఆగిపోయాయి. కొనేవాడికి ఎదురుగా సొమ్ము కనబడితే అది ఎక్కణ్ణించి వచ్చిందో చూడటం అలవాటు. ఈ కాగితం పోయిన ఏడాది లెక్క. పోయిన ఏడాది మానేసింది ఎవరు? బాయిలరు దగ్గరి ముసలాయన దిగిపోయాడు, కానీ ఆయనవి ముప్పై ఏళ్ళ వాటాలు, వెనక్కొచ్చేవి కావు. మూడేళ్ళు నిండనివాళ్ళలో ఒక్కడే ఇప్పుడు లేడు. రంపాలకు పదును పెట్టే డ్వేన్ లెపిస్టో. పోయిన ఏడాది ఏప్రిల్‌లో గడ్డకట్టిన సరస్సు పాయ మీద చేపలకు వెళ్తే పల్చబడ్డ మంచు విరిగి లోపలికి పోయినవాడు.

కుర్చీలు చాలక ఇద్దరు గోడకు ఆనుకుని నిలబడ్డారు. రేడియేటరు పక్క కుర్చీ ఖాళీగానే ఉంది. డ్వేన్ కూర్చునే చోటు అది. అక్కడ కూర్చోవద్దని ఎవరూ ఎవరికీ చెప్పలేదు.

గది ఖాళీ అయ్యాక అర్విడ్ రెనాటా దగ్గరికి వెళ్ళాడు.

"ఆ పంచిన వాటాలు డ్వేన్‌వేనా?"

"పేర్లు చెప్పకూడదండీ."

"ట్రస్టు కమిటీలో ముగ్గురం. కర్ట్, మార్లిస్, నేను. నాకు చెప్పొచ్చు."

ఆమె పాస్టీ ఉన్న పళ్ళెం కింద పెట్టింది. "అవును. ఇరవై ఆరు వేలు."

"పనిలో ఉండగా చనిపోతే ఏళ్ళతో పని లేదు, మొత్తం ఇంటివాళ్ళకిస్తాం అని మీరే కదా చెప్పేది."

"పనిలో ఉండగా. మీ మిల్లు పంపిన పట్టీలో ఆయన ఏప్రిల్ రెండున మానేశారు. చనిపోయింది తొమ్మిదిన."

"వాడెక్కడ మానేశాడు?"

"నాకెలా తెలుస్తుందండీ? ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. ఏటా జనవరిలో మీరో పట్టీ పంపుతారు. పేరు, జీతం, పనిచేసిన గంటలు, చేరిన తేదీ, మానేసిన తేదీ. మీరేది పంపితే మేమది కూడతాం. అందులో మాకు మనిషి కనపడడు."

"అది తప్పయితే?"

"తప్పని కమిటీ రాసివ్వాలి. ఇద్దరి సంతకాలుంటే చాలు. పంచింది వెనక్కి తీసుకుంటారా, మిల్లు కొత్తగా కడుతుందా అన్నదీ మీ ఇష్టమే." ఆమె కోటు వేసుకుంటూ ఆగింది. "కానీ అర్విడ్ గారూ, మీరు అడిగారు, నేను విన్నాను. విన్నానని నేనూ రాసిపెట్టుకోవాలి. పన్నులవాళ్ళకి లెక్క పంపే గడువు శుక్రవారం. మధ్యాహ్నం దాకా ఆపుతాను."

బుధవారం పొద్దున ఆఫీసులో మార్లిస్ టైప్ చేస్తోంది. మెడలో గొలుసుకు కళ్ళజోడు, కీబోర్డు పక్కన యాలకుల రొట్టె ముక్క. జీతాలూ హాజర్లూ పద్దెనిమిదేళ్ళుగా ఆమె చేతి మీదే నడుస్తున్నాయి.

"డ్వేన్ మానేశాడని ఎవరు వేశారు మార్లిస్?"

"నేనే. మంచు కరిగినప్పుడు అందరికీ అంతే వేస్తా. నీకూ వేసేదాన్ని, నువ్వు నెల జీతగాడివి కాబట్టి బతికిపోయావ్."

మార్చి చివర నేల మెత్తబడుతుంది. రోడ్లు కుంగిపోతాయని దుంగల లారీలను కౌంటీ ఆపేస్తుంది. దుంగలు లేక మిల్లు ఐదారు వారాలు పడుకుంటుంది. అప్పుడు మనుషులను ఇళ్ళకు పంపి మేలో పిలుస్తారు. ఈ మధ్య సర్కారు భత్యంతో గడుస్తుంది.

"మానేశాడు అని కొడితే భత్యం కాగితాలు వాటంతటవే వెళ్తాయి. మేలో రాగానే మళ్ళీ చేరాడు అని కొడతా. నాకంటే ముందున్నాయన అలాగే నేర్పాడు. ఎవరికి నష్టం? అందరూ వచ్చేస్తారుగా."

ఆమె వేళ్ళు ఆగాయి.

"వాణ్ణి రెండుసార్లు మళ్ళీ చేర్చాను," అంది మెల్లగా. "మూడోసారి..." కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. "చావింటికి దుంపల వంటకం పట్టుకెళ్ళింది నేనే. వాడి పెళ్ళాం లోర్నాని పట్టుకుని ఏడ్చింది నేనే. తిరిగొచ్చి ఈ కుర్చీలో కూర్చున్నా. ఆ మాట మార్చాలని తట్టనే లేదు అర్విడ్."

"ఇప్పుడు మారుద్దాం. నువ్వూ నేనూ పెడితే రెండు సంతకాలు."

ఆమె కర్ట్ గది తలుపు వైపు చూసింది. "ముందు ఆయన్నడుగు."

కర్ట్ మిల్లుకు పెద్ద. అర్విడ్‌తో కలిసి పాతికేళ్ళుగా లేళ్ళ వేటకు వెళ్తున్నాడు. అంతా విని, కిటికీలోంచి దుంగల గుట్టలకేసి చూశాడు.

"లోర్నా అడిగిందా?"

"లేదు."

"మరి నువ్వెవరి తరఫున వచ్చావ్?"

"ఇరవై ఆరు వేల డాలర్లు కర్ట్."

"తెలుసు. కొత్త బాయిలరుకి అప్పిస్తామన్న బ్యాంకు వచ్చే వారం లెక్కలు చూస్తుంది. మేం పద్దెనిమిదేళ్ళుగా తప్పుడు పట్టీలు పంపుతున్నామండీ అని ఇప్పుడు చెప్పమంటావా? నిన్న చప్పట్లు కొట్టినవాళ్ళ దగ్గరికెళ్ళి, ఇచ్చింది ఇటు పెట్టండి అనమంటావా?"

"వాళ్ళది కాదుగా."

"నువ్వు జూన్‌లో పోతావ్. ఇక్కడుండేది నేను. మేకున్న దుంగ అని తెలిశాక దాన్ని రంపం మీదికెక్కించడం ఎందుకయ్యా? పక్కకి దొర్లించు."

అర్విడ్ బయటికొచ్చి రంపాల గదిలోంచి నడిచాడు. బెల్టుల్లా వంగే పొడవాటి పట్టీ రంపాలు చుట్టలుగా గోడకు వేలాడుతున్నాయి. డ్వేన్ పనిలోకి కొత్తగా వచ్చిన స్టాన్లీ సానరాయి ముందు వంగి ఉన్నాడు. చివరి కొయ్యకు ఒక రంపం వేరుగా ఉంది. వెన్ను మీద సుద్దతో డి అన్న అక్షరం, కింద ఏప్రిల్ ఎనిమిది.

"దీన్నెందుకు వాడవు?" అన్నాడు అర్విడ్.

"లెరోయ్ ఎక్కించుకోడు. ఎవడూ దించమనడు. నేనెందుకు ముట్టుకోవాలి?"

పక్క షెడ్డులో పెద్ద రంపం దుంగలోకి దిగింది. గోడ సన్నగా అదిరింది. ఆ అదురుకు కొయ్యకున్న రంపం కూడా గొంతులోనే పాడినట్టు సన్నగా మోగి, దుంగ తెగగానే ఆగింది.

"రోజంతా ఇంతే," అన్నాడు స్టాన్లీ తలెత్తకుండా. "అలవాటైపోయింది."

ఏప్రిల్ ఎనిమిది అంటే మిల్లు మూసి ఉన్న రోజు. పదును లేని రంపం గోడకుంటే తనకు తిండి సయించదని డ్వేన్ అనేవాడు. కూలి లేని రోజున వచ్చి, ఒక్కడే కూర్చుని, పన్ను పన్నుకూ ఆకురాయి పెట్టి వెళ్ళాడు. మానేసినవాడు చేసే పని కాదది.

ట్రక్కులో కూర్చుని అర్విడ్ బేరం వేసుకున్నాడు. కర్ట్ కాదన్నాడు. మార్లిస్ జంకింది. లోర్నాకు తెలియదు. తన చేతికి వచ్చింది తొమ్మిది వందల ఎనభై. అది తన దగ్గర లేకుండా పోతే తన మటుకు లెక్క సరి. లోర్నా రెండు వారాల కిందట ఫోన్ చేసింది, పెరట్లో చెర్రీ చెట్టుంది, వచ్చి చూడమని. ఆ చెట్టు వెయ్యికి కొంటే పైన ఇరవై డాలర్లు తనకే నష్టం. గొడవ ఉండదు, స్నేహం చెడదు. ఇంత చవకలో తెమిలే చిక్కు మరొకటి ఉండదనుకున్నాడు.

గురువారం మధ్యాహ్నానికి సన్నగా మంచు రాలడం మొదలైంది. లోర్నా బడి వంటగదిలో పని ముగించుకుని అప్పుడే వచ్చినట్టుంది. ఏప్రన్ మీదే కోటు వేసుకుంది. వాకిట్లో ఇల్లు అమ్మకానికి అని పలక పాతి ఉంది.

"అమ్మేస్తున్నావా అమ్మా?"

"శనివారం కొనేవాళ్ళొస్తున్నారు. ఆ చెర్రీ కొమ్మ ఇంటికప్పు మీద పడేలా ఉంది, తీయించమన్నారు. చలికాలం ఇల్లు వెచ్చబెట్టే నూనెకే నా జీతం సగం పోతోంది అర్విడ్. మా అక్క వాళ్ళింట్లో ఒక గది ఇస్తానంది. నేనూ పిల్లా సర్దుకుంటాం."

పెరట్లో చెర్రీ నిటారుగా ఉంది. కాండం చుట్టూ టేపు తిప్పి అంకె చూశాడు. వేరే చోటైతే నోరూరే చెట్టు. రొమ్ము ఎత్తు నుంచి, నిచ్చెన వేస్తే మనిషి అందుకునేంత పైదాకా, బెరడులో మేకుల గుండ్లు. కొన్నింటిని బెరడు మింగేసింది, కింద నల్లటి చారలు మాత్రం మిగిలాయి. ఇనుము తగిలితే రంపం పళ్ళు ఊడి తూటాల్లా ఎగురుతాయి. అందుకే ఇళ్ళ దగ్గరి చెట్లను ఏ మిల్లూ కొనదు. డ్వేన్ ఈ ఇల్లు కొన్న మొదటి వేసవిలోనే, ఎవడూ బేరానికి రాకూడదని, కావాలనే వీటిని దిగ్గొట్టాడు. రంపాలవాడు చేసిన కాపలా అది. మిల్లంతా దాని గురించి ఒక నెల నవ్వుకుంది.

అర్విడ్ టేపు చుట్టి జేబులో వేసుకున్నాడు. "వెయ్యి ఇస్తాను."

లోర్నా వినబడనట్టు చూసింది. "ఎంతా?"

"వెయ్యి. కొట్టించేది కూడా నేనే."

"ఒంట్లో బాగానే ఉందా? నేను పిలిచింది కొమ్మ కొట్టి కట్టెలు పట్టుకుపొమ్మని."

"మంచి చెట్టమ్మా."

"మేకులు కనపళ్ళేదా?"

"కనపడ్డాయి."

ఆమె అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది. అతను చెట్లను చూసే తీరులో.

"మా నాన్న దగ్గర మేపుల్ చెట్లు కొన్నప్పుడు ఒక్కో ముడికి ఇంతని కోశారు మీరు. మీరెళ్ళాక ఆయన తిట్టిన తిట్లు మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటాం. కినునెన్ ముసలాడు ఎక్కువిచ్చాడంటే తన దగ్గర మనదేదో ఉందన్నమాటే అనేవాడు డ్వేన్ కూడా. చెప్పండి. మీ దగ్గర నాదేముంది?"

మంచు అతని టోపీ అంచు మీద నిలిచింది. కొనేవాడు తడబడితే ధర పెరుగుతుందని అతనికి తెలుసు. అయినా టోపీ తీసి, మంచు దులిపి, చేతిలో పట్టుకున్నాడు.

చెప్పాడు. వాటాలు, పట్టీ, ఏప్రిల్ రెండు, చప్పట్లు, తన నాలుగో వరస. అన్నీ. ఆమె కట్టెలు కొట్టే మొద్దు మీద కూర్చుని విన్నది. ఎంత మొత్తమో చెప్పినప్పుడు కూడా కదలలేదు.

"మానేశాడని రాశారా?" అంది చివరికి.

"అందరికీ అలాగే వేస్తారమ్మా, ఆ రోజుల్లో..."

"ముందురోజు పొద్దుటే లేచి రంపాల దగ్గరికి పోయాడు. పని లేదు కదయ్యా అంటే, రంపాలకి తెలీదుగా అన్నాడు. చేపలకెళ్ళిన రోజు కూడా గోళ్ళలో ఇనప్పొడి ఉంది. బయటికి తీశాక ఆ చేతులు చూసింది నేను." ఆమె గొంతు పెరగలేదు. "మానేశాడట."

అర్విడ్ జేబులో చెక్కు పుస్తకం మీద చెయ్యి వేసి ఉన్నాడు.

"మీ వెయ్యి మీరే ఉంచుకోండి. నాకొద్దు. తను మానెయ్యలేదని రాయించండి. అది రాస్తే మిగతాది దానంతటదే వస్తుందిగా?"

"వస్తుంది."

"అయితే ఆ మాట తెండి. శనివారం లోపల." ఆమె లేచి కోటు మీది మంచు దులుపుకుంది. "ఇన్నాళ్ళూ అనుకున్నా అర్విడ్, చావైపోయాక మిల్లువాళ్ళెవరూ ఈ గుమ్మం తొక్కరేమా అని. మర్చిపోయారనుకున్నా. తను వదిలేసి పోయాడని కాగితం మీద పెట్టుకున్నారని తెలీదు."

శుక్రవారం పొద్దున అర్విడ్ మార్లిస్ కుర్చీ పక్కన నిలబడి, "పద," అన్నాడు.

"ఎక్కడికి?"

"నీకొక తేదీ చూపించాలి. దాన్ని ఇక్కడికి మోసుకురాలేను, నాలుగు గజాల చుట్ట."

ఆమె చాలా ఏళ్ళుగా మిల్లు లోపలికి వెళ్ళలేదు. చెవులకు చేతులు అడ్డం పెట్టుకుని, పొట్టులో చెప్పులు కూరుకుపోతుంటే అతని వెనకే వచ్చింది. చివరి కొయ్య దగ్గర నిలబడి సుద్దరాత చదివింది. మళ్ళీ చదివింది. పక్క షెడ్డులో పెద్ద రంపం దుంగలోకి దిగింది, కొయ్య మీద రంపం సన్నగా మోగింది. మార్లిస్ చెయ్యి చాచి వెన్ను మీద వేలు పెట్టింది. మోత ఆగిపోయింది.

"నేను రెండని వేశాను," అంది. "వీడు ఎనిమిదని రాసుకున్నాడు."

"ఎవరిది నిజం?"

ఆమె వెనక్కి తిరిగి నడిచింది. ఆఫీసుకు రాగానే కర్ట్ గది తలుపు తట్టకుండా తన కుర్చీలో కూర్చుని, కాగితం తీసి, రాసి, సంతకం పెట్టి అర్విడ్ వైపు జరిపింది. అతను దాని కింద సంతకం పెట్టాడు. కర్ట్ గుమ్మంలోకి వచ్చి చూశాడు.

"మిల్లు ఒక్క సెంటు కట్టదు," అన్నాడు. "వెనక్కే తీసుకోవాలి. వాళ్ళకి నువ్వే చెప్పుకో."

"చెప్పుకుంటా," అన్నాడు అర్విడ్.

"బ్యాంకుకి?"

"దిద్దిన లెక్క చూపించు. దిద్దుకునేవాడికే అప్పిస్తారు."

కర్ట్ తలుపేసుకున్నాడు. ఫోన్‌లో రెనాటా కాగితం అందిందని చెప్పి, దిద్దిన వరస చదివింది. "లెపిస్టో, డ్వేన్. ఏప్రిల్ రెండు, తాత్కాలిక విరామం. ఏప్రిల్ తొమ్మిది, మరణం. పనిలో ఉండగా. సరేనా?"

"ఇంకోసారి చదవండి," అంది మార్లిస్.

రెనాటా చదివింది. తర్వాత, "వచ్చే వసంతం నుంచి విరామం అనే వేయండి. ఆ గడి పట్టీలో మొదట్నించీ ఉంది," అంది.

"ఉందా?" అంది మార్లిస్.

భోజనాల గదిలో అర్విడ్ నిలబడి నాలుగు మాటల్లో చెప్పాడు. ముందుగా కదిలింది లెరోయ్.

"నా మోటారు ముంచావు కదయ్యా."

"ఎంత పోయింది?"

"ఐదొందల నలభై. మా ఆవిడకి నిన్నే చెప్పా. ఇప్పుడింటికెళ్ళి ఏమని చెప్పాలి?"

"డ్వేన్‌దని చెప్పు."

వెనకనుంచి ఎవరో, "దిగిపోయేవాడివి, నీకేం," అన్నారు. ఇద్దరు ముగ్గురు పళ్ళేలు తీసుకుని బయటికెళ్ళారు. లెరోయ్ మిగిలిన కాఫీ తాగేశాడు. తర్వాత లేచి, రంపాలు మార్చే వేళయిందంటూ స్టాన్లీ భుజం తట్టాడు.

"చివరి కొయ్య మీదిది దించు."

"డ్వేన్‌దా?"

"మరెవరిది? పదునెట్టింది కోయడానిక్కాదా?"

నలుగురు పట్టుకుని దాన్ని చక్రాల మీదికి ఎక్కించారు. బిగించారు. దుంగ కదిలింది. కొత్త రంపాల్లా అది అరవలేదు. సిల్కు చింపినట్టు ఒకే సన్నని గొంతుతో చెట్టు ఈ చివర నుంచి ఆ చివరికి వెళ్ళింది. పలక జారిపడింది, అద్దంలా ఉంది. అర్విడ్ ఆ మధ్యాహ్నం చూడవలసిన అడవికి వెళ్ళకుండా షెడ్డు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. సాయంత్రానికి దాని గొంతు బరువెక్కింది, తర్వాత మిగతావాటిలాగే గీరడం మొదలెట్టింది. దించి స్టాన్లీకిచ్చారు. అతను పదును పెట్టే ముందు నూనెగుడ్డతో వెన్ను తుడిచాడు. సుద్దరాత పోయింది.

శనివారం లోర్నా వాకిట్లో పలక లేదు. అర్విడ్ కప్పు మీది కొమ్మ కోసి కింద పడేశాడు. కూలి అడగలేదు, కట్టెల్లో సగం అడిగాడు. ఆమె మూడోవంతు ఇస్తానంది. నవ్వకుండానే బేరమాడుకుని దానికే ఒప్పుకున్నాడు. కొమ్మ మొదట్లో అతని మోటారు రంపానికి లోపలున్న మేకొకటి తగిలి గొలుసు తెగింది. డ్వేన్ అంత పైకి కూడా ఎక్కాడన్నమాట.

కట్టెలు ట్రక్కులో వేసుకుని ఇంటిదారి పట్టాక అర్విడ్ లెక్క చూసుకున్నాడు. పోయినవి తొమ్మిది వందల ఎనభై డాలర్లు, ఒక కొత్త గొలుసు, నవంబరులో కర్ట్‌తో లేళ్ళ వేట. రేడియేటరు పక్క కుర్చీ సోమవారం కూడా ఖాళీగానే ఉంటుంది, దాని విలువ కట్టలేదు. చేతికొచ్చింది ట్రక్కులో మూడోవంతు చెర్రీ కట్టెలు. అందులో ఒక మొద్దుకు మేకు దిగిన చోట, ఇనుము నానినంత మేరా, కట్టె నల్లటి నీలంగా మారి ఉంది. దాన్ని పొయ్యిలో వెయ్యలేడు, అమ్మలేడు. పక్క సీటు మీద పెట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాడు.